చవగ్గా దొరికిన ఇల్లు

ఆదివారం భోజనాలయ్యాక మరిసోల్ తన ఫోను తెచ్చి వదిన నియెవెస్ ముందు పెట్టింది.

తమ ఊరు బదహోస్ నుంచి సరిహద్దు దాటి లిస్బన్‌కి బస్సు ఉందనీ, ఇప్పుడైతే టిక్కెట్టు చవకనీ చెప్పింది. అన్నయ్యని ఆ కుర్చీలోంచి ఇప్పుడు లేపకపోతే ఇక లేవడంది.

"కార్నివాల్ నాలుగు రోజులూ ఊరంతా డప్పులే. ఆ మోతలో ఇంట్లో ఉండగలవా వదినా?"

నియెవెస్ సరేనంది. కాదనడానికి కారణం వెతుక్కునే ఓపిక లేదు.

ఆ డప్పుల గుంపులో ముందు వరస వాడు ఆమె కొడుకు ఆంద్రెస్. మోటారు సైకిలు ప్రమాదంలో పోయి ఏడాది కావస్తోంది.

అప్పట్నించీ తండ్రి ఫెర్మీన్ మాట్లాడడం మానేశాడు. కోపం కాదు. అడిగితే తలూపుతాడు, పెడితే సగం తింటాడు.

నియెవెస్ ఏడవడం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

బట్టలు ఉతికి ఆరేసినట్టు ప్రయాణం ఏర్పాట్లన్నీ ఆమే చేసింది. హోటలు వద్దు, వంటిల్లున్న ఫ్లాటు చాలు. దారిలో తినడానికి రొట్టెల మధ్య గుడ్డట్టు. టిక్కెట్టు అడగని చర్చీలు, ఊరంతా కనపడే కొండ అంచులు.

ఫ్లాటు అన్నిటికంటే చవగ్గా దొరికింది. అద్దె ఇళ్ల సైటులో కొత్తగా పెట్టారు. దాని గురించి ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.

మూడో అంతస్తు. ఇరుకు మెట్లు. లోపలంతా కొత్త రంగు వాసన. వెనక బాల్కనీలో పూలకుండీలు.

దిగిన మర్నాడు ఫెర్మీన్ బయటికి రానని తల అడ్డంగా ఊపాడు.

నియెవెస్, పదకొండేళ్ల కూతురు ఇరేనే కలిసి నడవగలిగినంత దూరం నడిచారు. ట్రామెక్కుదామని పిల్ల అడిగితే, అది పోయే చోటికే మనమూ పోతున్నాంగా అంది నియెవెస్. చర్చి మెట్ల మీద కూర్చుని రొట్టెలు తిన్నారు. ఎదురుగా నది మెరుస్తోంది. బావుందని నియెవెస్‌కి తెలుస్తోంది, అంతే.

తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే ఇరేనే ఆగిపోయింది.

"అమ్మా, నాన్న గొంతు."

"పక్కింటి టీవీ అయ్యుంటుంది, పద."

తలుపు తీస్తే వంటింట్లో ఒక ముసలావిడ. నల్ల స్వెట్టరు, కాళ్లకి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు. బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఎదురుగా ఫెర్మీన్ ఆకుకూర సన్నగా తరుగుతున్నాడు. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.

"మీరెవరు? లోపలికెలా వచ్చారు?"

ఆవిడ చేతులు తుడుచుకుని, అరచేతిలో తాళంచెవి చూపించింది. ఆవిడ మాట్లాడేది పోర్చుగీసు. సరిహద్దు ఊరి వాళ్లు కాబట్టి నియెవెస్‌కి సగానికి పైగా అర్థమైంది. కుండీలకి నీళ్లు పోద్దామని వచ్చిందట. వెళ్లిపోతానంది.

గుమ్మం దగ్గర ఆగి, "ఉప్పు ఇంకా వెయ్యలేదమ్మా," అని మెట్లు దిగింది.

నియెవెస్ మొగుడి వైపు చూసింది. అతను తరిగిన ఆకు వైపు చూస్తున్నాడు.

పెట్టె తెరిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

పనిమనిషో, చేతివాటం మనిషో. కోపం కూడా రాలేదు. చెయ్యాల్సిన పని కాబట్టి ఇంటి యజమానికి రాసింది: ఎవరో కొత్త మనిషి దగ్గర మీ ఇంటి తాళంచెవి ఉంది.

వెంటనే క్షమాపణ వచ్చింది. సాయంత్రానికి ఒకతను వచ్చి తాళం మార్చేశాడు. ఫెర్మీన్ అక్కడే నిలబడి చూశాడు. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మూసేశాడు.

రాత్రి ఆ సూపు రెండు గిన్నెలు తాగాడు. అది చూసి కూడా నియెవెస్ ఏమీ అనుకోలేదు.

పొద్దున్నే లేచి అతను గడ్డం గీసుకోవడానికి స్నానాల గదిలోకి వెళ్లాడు. లోపల నీళ్ల చప్పుడు.

బయట తాళంచెవి పెట్టిన శబ్దమైంది. తిరగలేదు. మళ్లీ పెట్టారు. మళ్లీ తిరగలేదు.

నియెవెస్ తలుపు తియ్యకుండానే చెప్పింది.

"తాళం మార్చేశారు. ఇక్కడ మేం ఉంటున్నాం."

తాళంచెవి బయటికి లాగిన చప్పుడైంది.

"పొరపాటైందమ్మా," అంది అవతలి గొంతు. మెత్తటి చెప్పులు ఒక్కో మెట్టే దిగిపోయాయి.

ఫెర్మీన్ మొహం మీద సబ్బు నురగతోనే బయటికొచ్చాడు.

"వచ్చిందా?"

బొంగురు గొంతు. నియెవెస్ గిర్రున తిరిగి చూసింది.

"వెళ్లిపోయింది," అంది.

ఇరేనే చెప్పకుండానే కిందికి పరిగెత్తింది. సందు రెండు కొసలూ చూసొచ్చింది. ఎవరూ లేరంది.

ఫెర్మీన్ కుర్చీలో కూలబడ్డాడు. నురగ చెంపల మీద ఆరిపోతోంది.

"ఆంద్రెస్ గురించి చెప్పాను ఆవిడకి. మొత్తం చెప్పాను. ఇవాళ ఫొటోలు చూపిస్తానన్నాను."

కొడుకు పేరు అతని నోట విని ఏడాది కావస్తోంది. నియెవెస్ తలుపు పట్టుకుని నిలబడింది.

ఎవరావిడ, ఎక్కడుంటుంది, వెళ్లి పిలుచుకొద్దాం పద అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"పేరు దెవొలిందా. ఇప్పుడెక్కడుంటోందో నేనడగలేదు. నియెవెస్, డెబ్బయ్యేళ్ల కిందట ఆవిడ ఈ గదిలోనే పుట్టిందట, మనలాంటి వాళ్లకి అద్దెకివ్వడానికి పోయిన నెల ఖాళీ చేయించారట."