రెజ్యుమేలో గుర్రం

"అన్నా, దీన్ని ఆపేది ఎట్లా?" గుసగుసగా అడిగాడు నితీష్.

"కళ్లెం లాగండి బాబూ," అన్నాడు గుర్రాల యజమాని బుల్లిబాబు, పక్కనే నడుస్తూ. "మీ ముగ్గురికీ స్వారీ బాగా వచ్చని చెప్పారే!"

"వచ్చు, వచ్చు. మా దిక్కు గుర్రాలు జర వేరే ఉంటయ్."

బాపట్ల దగ్గరి సముద్రపు ఒడ్డు, యాత్రలో రెండో రోజు. మూడు గుర్రాలు, చాలా వెనక ఒక జీపు. ఏటా హైటెక్ సిటీలోని వాళ్ల కంపెనీ టీమ్‌ను రిసార్టుకు తీసుకెళ్లి, అంత్యాక్షరి ఆడించి, బిర్యానీ పెట్టి పంపేది. ఈసారి హెచ్‌ఆర్ జ్యోత్స్నకు కొత్త బుద్ధి పుట్టింది. ఎవరి సరదా ఏమిటో చూద్దామని రెజ్యుమేలన్నీ తిరగేసి, గుర్రపు స్వారీ అని ఉన్న ముగ్గురికీ మూడు రోజుల స్వారీ యాత్ర ఖాయం చేసింది. తనకు ఆ సరదా లేదు కనుక జీపెక్కింది.

నితీష్ గుర్రాన్ని దగ్గర్నుంచి చూసింది పెళ్లి బరాత్‌లలోనే. ప్రగతి నగర్ హాస్టల్‌లో రూమ్మేట్ పంపిన పాత రెజ్యుమేలో పేరు, కాలేజీ, మార్కులు అన్నీ మార్చి తనవి పెట్టుకున్నాడు. అట్టడుగున ఉన్న 'హాబీ: గుర్రపు స్వారీ' మాత్రం తీసేయడం మరిచాడు. సోమవారం అతని ఉద్యోగం పర్మనెంట్ కావాలి. సంతకం పెట్టాల్సింది మేనేజర్ కృష్ణప్రియ. ఒక్క వరుస అబద్ధమని తేలితే మిగతాది ఎవరు నమ్ముతారు? నాయన వీరేశం నానక్‌రామ్‌గూడలో సెక్యూరిటీ గార్డు. లెటర్ చేతికొచ్చిన రోజే ఆయన చేత నైట్ డ్యూటీ మాన్పిస్తానని అమ్మకు మాటిచ్చాడు. అందుకే నోరు మూసుకుని గుర్రమెక్కాడు.

ముందు గుర్రం మీద కృష్ణప్రియ కర్రలా నిటారుగా కూర్చుంది. పొద్దుటి నుంచీ తల అటూ ఇటూ తిప్పలేదు. "మెల్లగా వెళ్దాం. సముద్రాన్ని చూస్తూ వెళ్లాలి," అంటుందే తప్ప సముద్రం వైపు ఒక్కసారీ చూడలేదు. ఏకాగ్రత అంటే అదీ అనుకున్నాడు నితీష్.

మూడో గుర్రం మీదున్న సీనియర్ మహేశ్ సంగతి సరేసరి. పొద్దున ఇడ్లీ నిలబడే తిన్నాడు.

"కూసోవా అన్నా?"

"స్వారీ చేసేటోళ్లు ఊకె కూసోరు తమ్మీ," అన్నాడు పెద్దరికంగా.

ఇంత తెలిసినవాళ్ల మధ్య తన బండారం ఎంతసేపు దాగుతుంది?

"అదిగోనండి సరుగుడు తోట," అన్నాడు బుల్లిబాబు హుషారుగా. "అక్కడిదాకా దౌడు తీయిద్దామండి!"

మహేశ్ కళ్లెం సర్దుకోసాగాడు.

"నితీష్, ముందు నువ్వెళ్లు," అంది కృష్ణప్రియ.

పరీక్ష పెట్టేసింది! నితీష్ వెనక్కి చూశాడు. కొబ్బరి బొండాల బండి దగ్గర జీపు ఆగి ఉంది. జ్యోత్స్నకు వినిపించదు. ఇక ఆగలేకపోయాడు.

"నాకు గుర్రం రాదు మేడం! నిన్ననే మొదటిసారి ఎక్కిన. ఎవరిదో రెజ్యుమేల నా పేరు పెట్టుకున్న, హాబీ తీసుడు మర్చిపోయిన. మిగతాదంతా నిజం. మా నాయన మీద ఒట్టు!"



"గదే రెజ్యుమే నాకు మా బామ్మర్ది పంపిండు," అన్నాడు మహేశ్ ఉన్నట్టుండి. "నిన్నటి సంది కూసోనీకి వస్తలేదు తమ్మీ."

నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరూ మేడం వైపు చూశారు. ఆమె రెండు చేతులూ జీనును ఊపిరాడనివ్వనంత గట్టిగా పట్టుకున్నాయి.

"బుల్లిబాబు గారూ, ముందు నన్ను దించండి," అంది సన్నగా.

దిగి, ఇసుకలో కూలబడింది. కాసేపటికి తేరుకుని, "సోమవారం నీ లెటర్ మీద సంతకం పెడతాను నితీష్. ఈ సంగతి మాత్రం జ్యోత్స్న చెవిన పడకూడదు," అంది.

"మీరెందుకు పరేషాన్ అవుతున్నరు మేడం? తప్పు మాది కదా," అన్నాడు నితీష్.

కృష్ణప్రియ చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆ రెజ్యుమే మొదట తయారుచేసింది నేనే, గుర్రంతో సహా."