తినని ఇళ్ళకే

గేటు చప్పుడైంది.

కమలాంబ చేతిలో అట్లకాడతోనే పెరట్లోకి వచ్చింది.

ముక్కూ మొహం తెలియని మనిషి కుందేళ్ళ గూడు ముందు గొంతుక్కూర్చుని, తల్లి కుందేలు వీపు నిమురుతున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? అడగాపెట్టకుండా లోపలికి వచ్చెయ్యడమేనా?"

"చెవులపిల్లుల్ని చూసిపోదామనమ్మా" అన్నాడు.

లేవబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. గూడు పట్టుకుని వంగిపోయాడు. రొమ్ము కొలిమితిత్తిలా ఎగిరెగిరి పడుతోంది.

ఆయాసం.

కమలాంబ గుండె ఝల్లుమంది. ఆయాసానికి చెవులపిల్లి నెత్తురుని మించిన మందు లేదని ఆ చుట్టుపక్కల చెప్పుకోని ఊరు లేదు. మెట్టచేలల్లో ఉచ్చులు పన్ని పట్టేవాళ్ళు ఉండనే ఉన్నారు. అవి దొరక్కపోతే, పెంచుకునే తెల్ల కుందేళ్ళ మీద పడుతున్నారని కూడా విని ఉంది.

"చూసింది చాలు. ఇక దయచెయ్యి."

"పిల్లలు కళ్ళు తెరిచినయ్యామ్మా?"

"నీకెందుకు?"

అతను నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

కుందేళ్ళ జంట ఆ ఇంటికొచ్చి ఏడాది దాటింది. కమలాంబ భర్త ఉమాకాంతం నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు బంట్రోతు జ్ఞానయ్య ఇచ్చాడని, ఒకనాటి సాయంత్రం గంపలో పెట్టి తెచ్చాడు. గుప్పెడంత ఉండేవి. కూతురు అహల్య దూదివత్తితో పాలు పట్టింది. కమలాంబ మొదట విసుక్కుంది. తరవాత ఆవిడే తోటకూర కాడలు ఏరి వాటికోసం పక్కన పెట్టడం మొదలెట్టింది.

ఇప్పుడు అవి పిల్లల్ని పెట్టాయి. అన్నిటినీ సాకలేరు. తెలిసినవాళ్ళకి పంచాలి.

"నీచు తినని ఇంటికే ఇస్తాను" అని కమలాంబ గట్టిగా చెప్పేసింది.

మొదటి పిల్ల ప్లీడరు అనంతపద్మనాభం గారింటికి వెళ్ళింది. చూసొచ్చిన అహల్య మొహం ముడుచుకుంది.

"అమ్మా, దాన్ని బొగ్గుల గదిలో పడేశారు. పులుసన్నం పెడుతున్నారు."

"పెడితే పెట్టారు. కోసుకు తినరుగా" అంది కమలాంబ.

వారం తిరక్కుండా ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి లోపలికి రాలేదు. గేటు మీదుగా గరిక కట్ట అందించాడు.

"మెత్తటిదమ్మా. ఏటి ఒడ్డుది."

పక్కింటి సీతారావమ్మ గోడ మీంచి చూసి కిసుక్కున నవ్వింది. "ఏంటొదినా, కొత్తల్లుణ్ణి మేపినట్టు మేపుతున్నాడు?"

"జాతరకి ముందు మేకకీ ఆకులు పెడతారు" అని కమలాంబ ఆ కట్టని అతని ముందే మురుక్కాలవలోకి విసిరింది.

అతను కాలవ వంక చూశాడు. గోడ పట్టుకుని ఊపిరి కూడదీసుకుని, బస్టాండు వైపు నడిచాడు.

మూడోసారి వచ్చేనాటికి గూట్లో ఒక్క పిల్లే మిగిలింది.

"ఒక్కసారి చేతికిస్తారా అమ్మా?"

"మీ ఇంట్లో నీచు తింటారా?"

"మావోళ్ళు తింటారమ్మా. నేను..."

దగ్గు మాట మింగేసింది. కమలాంబ కూడా మిగతా మాట కోసం ఆగలేదు.

"అదీ సంగతి. నోరులేని పసికూనని కోసుకు తాగడానికి ఇంటి చుట్టూ తిరుగుతున్నావు. నీ కడుపున పిల్లలు పుట్టలేదూ? సిగ్గనేది లేదూ?"

వీధి వీధంతా బయటికొచ్చింది. బియ్యం మిల్లు దగ్గర కూర్చునే కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒకడు చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు మెడ మీద చెయ్యి వేశాడు.

"పట్టపగలే దొంగతనానికి వచ్చావా బాబాయ్?"

"కొట్టకండర్రా, చస్తాడు. బస్సెక్కించండి" అంది సీతారావమ్మ.

అతను పెనుగులాడలేదు. నెట్టుకుపోతుంటే వెనక్కి తిరిగి కమలాంబని చూశాడు. ఆ చూపులో కోపం లేకపోవడం కూడా ఆవిడకి తప్పుగానే తోచింది.

ఉమాకాంతం ఇంటికి రాగానే అంతా చెప్పింది.

"ఎవరో ఏమిటో కనుక్కోకపోయావా?" అన్నాడాయన పేపరు దించకుండానే.

"ఆ దగ్గు వింటే తెలియడంలా? మీకు దేనికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ పిల్లకి ఏమైనా అయితే మీరు పుట్టిస్తారా?"

ఉమాకాంతం పేపరు తిప్పాడు.

నెల దాటాక, ఆఫీసు నుంచి ఉమాకాంతం గారి గొడుగు పట్టుకుని జ్ఞానయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. గూడు వైపు చూసి, "బాగా ఎదిగినయ్యండీ" అన్నాడు.

"ఎదగనిచ్చారు కనకనా?" అని కమలాంబ మొదలుపెట్టింది. చల్లారిన కోపం మళ్ళీ రాజుకుంది. గరిక కట్టతో సహా మొత్తం చెప్పింది. బస్సెక్కించిన సంగతి కాస్త గర్వంగానే చెప్పింది.

జ్ఞానయ్య చెంబు కింద పెట్టాడు.

"సన్నగా, చామనచాయగా ఉంటాడాండి? చెవిటికల్లు మనిషి?"

"ఏ ఊరోడైతే నాకేం?"

"బసవయ్యండీ. మొన్న బుధవారం పోయాడు. ఊపిరాడక."

కమలాంబ కొంగు భుజాల మీదికి లాక్కుంది. అయినా నోరు ఊరుకోలేదు.

"పోయినవాణ్ణి ఏమీ అనకూడదు. కానీ జ్ఞానయ్యా, తన ప్రాణం కోసం ఇంకో ప్రాణం తీసేవాణ్ణి ఏమనాలో నువ్వే చెప్పు."

జ్ఞానయ్య తలెత్తలేదు. తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఆయాసానికి మందని ఇంట్లోవాళ్ళు కత్తి నూరుతుంటే, నీచు ముట్టని ఇల్లు చూసి దాచిపెట్టమని ఈ జంటని గంపలో పెట్టి నా చేతికిచ్చింది ఆయనేనండి."