చక్కెర వేసిన పీపా

జహ్లే పురజనులారా, అతిముఖ్యమైన వార్త: ఫారిస్ బీరు పీపా ఈరోజు తెరవబడును!

మా ఊళ్లో కరెంటు లేక మేం ఫ్రిజ్జులో చెప్పులు పెట్టుకుంటున్నాం. బీరు కాచి, పులిశాక పీపాలో పోసి, చక్కెర వేసి బిగించేస్తాం. గది వెచ్చదనానికి అదే మళ్లీ పులిసి గ్యాసు పుడుతుంది; చక్కెర వెయ్యకపోతే బుస రాదు, చప్పగానే ఉంటుంది.

ఫారిస్ పోయి ఇది నలభయ్యోరోజు. "చక్కెర వేసే పోయాడమ్మా" అని వాళ్లావిడ నుహాద్‌కి ముందే చెప్పాను.

"అన్నా, చప్పగా ఉందో, నీ నెత్తిన పోస్తా! మా ఆయన ఏ పనీ సగంలో వదలడు."

కుళాయి తిప్పాను. బుస్సుమంది. నురగ గ్లాసు దాటింది. నుహాద్ పీపాకి చెవి ఆనించి, "ఊపిరి తీసుకుంటున్నాడు" అంది.

సరే, ఒప్పుకుంటున్నా. చక్కెర మాట నేను అల్లిందే. ఫారిస్ వెయ్యకుండానే పోయాడు. నేను వేద్దామనుకుని, శవయాత్ర హడావిడిలో మర్చిపోయాను.

ఆ బుస మాత్రం నేను కల్పించలేదు.