దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?

‘తలుపుకి బయట గడియ పడిపోయింది. ఆయాసం వస్తోంది. ఎవరైనా రండి, ప్లీజ్.’

సొహైల్ ఫోన్ మీదికి వంగాడు. రాసిన అమ్మాయి పేరు సింధూర.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు క్యాబ్ పార్కింగులో, వరసలో నిలబెట్టిన తన కారులోనే కూర్చుని అతను ఇంగ్లిష్ క్లాసు వింటున్నాడు. ఆ యాప్‌లో ఒక పక్క పాఠం నడుస్తుంటే, రెండో పక్క వినేవాళ్లు రాసే మాటలు పైకి జరుగుతూ ఉంటాయి. ఒకరికి డౌటు, ఒకరిది జోకు, ఇంకొకరికి నిద్ర. పదిమందిలో కూర్చుని చదువుతున్నట్టే ఉంటుంది. చేరి వారం కూడా కాలేదు గానీ సొహైల్‌కి అది తెగ నచ్చేసింది.

సింధూర మళ్లీ రాసింది. ‘గట్టిగా పలుకుదామని పై గదిలో తలుపు వేసుకున్నా. ఫోనూ ఇన్‌హేలరూ కిందే ఉండిపోయాయి. ఇది క్లాసువాళ్లు ఇచ్చిన ట్యాబు, దీంట్లో ఇంకేదీ తెరుచుకోదు. ఇంట్లో ఎవరూ లేరు. పాల్మాకుల, స్కూలు వెనక సందు, పసుపు గేటు.’

మాటలు జోరుగా కదిలాయి.

‘అయ్యో!’

‘దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?’

‘నాది జల్‌పల్లి. దూరం అవుతుంది.’

‘కిటికీ తెరువు సిస్టర్.’

‘పోలీసులకి చెప్పండి ఎవరైనా.’

వాటి వెనకాల దణ్ణాలు, కన్నీళ్ల బొమ్మలు. మాటలు కోటలు దాటుతున్నాయి, కాళ్లు మాత్రం గడప దాటడం లేదు. ఇక పాఠం చెప్పే సారైతే ఇవేవీ కంటికి ఆననట్టు, “మే ఐ కమిన్” అని అందరిచేతా పలికిస్తూనే ఉన్నాడు. ఏం మనిషిరా ఈయన అని సొహైల్‌కి ఒళ్లు మండింది.

అంతలో అరీబ్ అనే అతను రాశాడు. ‘నేను పోతున్న. పక్కనే ఉంట.’

హమ్మయ్య అనుకున్నాడు సొహైల్. అందరితోపాటు తనూ ఆ మాటకి ఒక లైకు కొట్టి సీటులో వెనక్కి వాలాడు.

‘ఎవరూ రాలేదు. అరవలేకపోతున్నా.’

మళ్లీ సింధూరే. సొహైల్‌కి సిగ్గేసింది. పాఠం ఆపేసి కారు స్టార్ట్ చేశాడు. ముందొక కారు, వెనకొక కారు, పక్కన గోడ. హారన్ మోగించినా ఒక్కడూ తల తిప్పలేదు. ఎవరి ఫోన్‌లో వాళ్లున్నారు. దిగి వెళ్లి ముందు కారు అద్దం మీద కొట్టాడు. అందులో ఉన్నది ముష్తాక్, వయసులో పెద్దవాడు.

“ముష్తాక్ భాయ్, జర బండి జరుపు! ఒక పిల్ల గదిల ఇరుక్కున్నది. దమ్ము ఆడుతలేదంట.”

“నీకెట్ల తెలుసురా?”

“క్లాసుల రాస్తున్నది. చూడు!”

ముష్తాక్ ఫోన్ చూశాడు. “గింతమంది ఉన్నరు గదరా. ఎవలో ఒకలు పోయే ఉంటరు తీ. పొద్దటి సంది లైన్ల ఉండి, ఇప్పుడు ఇడిసిపోతవా?”

“అందరు గట్లనే అనుకుంటున్నరు భాయ్. అదే నా పరేషాన్.”

ముష్తాక్ దిగి, ముందున్నవాళ్లను బతిమాలడం మొదలుపెట్టాడు. ఒక్కో కారు జానెడు జరిగి ఆగిపోతోంది. గదిలో చిక్కుకున్నది తనే అయినట్టు సొహైల్‌కి చెమటలు పట్టాయి. ఫోన్ తీశాడు. కొత్త మాట ఒక్కటీ లేదు. పిల్లకి ఏమైనా అయిందేమోనని గుండె జారింది. పాఠం మళ్లీ నొక్కాడు.

‘చేతులు చల్లబడుతున్నాయి.’

బతికే ఉంది! సొహైల్ గబగబా రాశాడు. ‘నేను వస్తున్న సిస్టర్. పరేషాన్ కాకు.’

కారు పట్టేంత సందు దొరికింది. పాల్మాకుల దాకా ఎలా తోలాడో అతనికే తెలియదు. పక్క సీటులో సారు గొంతు అలా మోగుతూనే ఉంది. స్కూలు వెనక సందులోకి తిరిగాక ఒకసారి చూశాడు. సింధూర నుంచి చివరగా ‘అమ్మా’ అన్న మాట ఒక్కటే ఉంది.

సందంతా వెతికినా పసుపు గేటు లేదు. ఒక ఇంటికి నీలం గేటుంది. రంగు లేచిన చోట అడుగున పసుపు కనిపించింది. తోసుకుని లోపలికి ఉరికాడు.

వరండాలో ఒక పెద్దావిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

“అమ్మా! సింధూర మీ పిల్లనేనా? పైన గదిల ఇరుక్కున్నది!”

ఆవిడ కంగారుపడలేదు. చేతిలో కాయ పళ్లెంలో పెట్టి మెట్లు చూపించింది. “అటు బాబూ. వెళ్లి చూసి రా.”

ఈ తల్లికి చెవుడో, పిచ్చో అనుకుంటూ సొహైల్ రెండేసి మెట్లు ఎక్కాడు. పై గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం, బల్ల, కుర్చీ ఉన్నాయి. మనిషి లేదు. తలుపుకి గడియ కూడా లేదు. పీకేసిన చోట రంధ్రాలు మిగిలాయి.

“ఏడికి పోయింది? దవాఖానకు తీస్కపోయిన్రా?” రొప్పుతూ కిందికి కేకేశాడు.

ఆవిడ గ్లాసుతో నీళ్లు పట్టుకుని నెమ్మదిగా పైకి వచ్చింది. అతని చేతికిచ్చి, కుర్చీ జరిపింది.

“అది ఎప్పుడో రికార్డు చేసిన పాఠం బాబూ, మూడేళ్ల కిందట మా సింధూర అందులో రాసిన మాటలు చూసి కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా ఎవరో ఒకరు నీలాగే పరిగెత్తుకొస్తారు, ఆ రోజు మాత్రం ఎవరూ రాలేదు.”