మేడ మీది మూలగది

సున్నం డబ్బాలు మెట్ల కింద దించుతుంటే ఆమె కళ్లు మేడ మీది మూలగది వైపు పోయాయి.

దొర బంగళా మ్యూజియంలో ఆమె గైడు. ఊళ్లోని వారసత్వ సంఘం వాళ్లు ఆ పాత బంగళాను బాగుచేయించి నడుపుతున్నారు. వచ్చినవాళ్లకు గదులు తిప్పి చూపించడం ఆమె పని. దొరగారి వేట, దొరగారి విందులు గబగబా అప్పజెప్పేసేది. మేడ మీది మూలగదికి వచ్చేసరికి మాత్రం ఆమె నోట మాట నెమ్మదించేది. గుమ్మం పైన 'పాప గది' అని బోర్డు. అక్కడ ఆమె చెప్పే కథ విని కళ్లు తుడుచుకోకుండా బయటికి వచ్చినవాళ్లు తక్కువ.

ఈమధ్య జనం పలచబడ్డారు. ఆ గదిని కాఫీ షాపు చేస్తే నలుగురూ వస్తారని సంఘం కార్యదర్శి ఆలోచన.

"ఆ ఒక్కటీ వదిలెయ్యండి సార్," అని ఆమె కొన్నాళ్లుగా ఆయన వెంట పడుతూనే ఉంది. "కావాలంటే భోజనాల హాలు తీసుకోండి. తుపాకుల గది తీసుకోండి. వాటినెవరు పట్టించుకుంటారు?"

"మ్యూజియం అంటే అవే కదమ్మా. నా బెంగంతా ఆ మూలగది గురించే. రేపు ఎవడో దాన్ని పట్టుకుని పేపర్లో రాశాడనుకో, సంఘం పరువేం కాను?"

సున్నం డబ్బాలు దిగిన పొద్దున ఆమె గది తాళంచెవి కనబడడం లేదని అబద్ధమాడింది. ఆయన వెంటనే వడ్రంగిని పిలిపించి తాళం ఊడదీయించాడు. తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉండిపోయింది.

కాసేపటికి సంఘం అధ్యక్షురాలు వచ్చింది. రిటైరైన లెక్చరరు, నిదానస్తురాలు. వెంట ఆర్కిటెక్టు, ఈ ఊరికి కొత్తగా వచ్చిన అమ్మాయి. వస్తూనే టేపు లాగి గది కొలవడం మొదలుపెట్టింది.

"కిటికీ దగ్గర కౌంటరు పెడదాం. ఈ గోడ గీకించి సున్నం కొట్టించాలి."

ఆ గోడ మీద మోకాలి ఎత్తున బొగ్గుతో గీసిన పిల్లి ఉంది. కాళ్లన్నీ ఒకే పక్కన, తోక మాత్రం పిల్లికంటే పొడుగు.

గైడు వెళ్లి ఆ బొమ్మకు అడ్డంగా నిలబడింది.

"మేడమ్, ఒక్కసారి కథ వినండి. విన్నాక మీ ఇష్టం."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అంటూ కార్యదర్శి మొహం తిప్పుకున్నాడు.

"చెప్పనివ్వండి," అంది అధ్యక్షురాలు.

అంతమందికి అన్నిసార్లు చెప్పిన మనిషికి ఇవాళ మాటలు కూడదీసుకోవలసి వచ్చింది.

"ఆ యేడు వానలు పట్టుకుంటే వదల్లేదు. పాపకి జ్వరం. వంతెన మునిగిపోయింది, డాక్టరు అవతలి ఒడ్డున ఉండిపోయాడు. తండ్రి గొడుగు కూడా లేకుండా పరిగెత్తాడు. ఈ గదిలో తల్లి ఒక్కతే. కొంగు తడిపి నుదుటి మీద వెయ్యడం, వేడెక్కగానే మళ్లీ తడపడం. అంతకంటే ఏం చెయ్యాలో ఆవిడకి తెలీదు. పాప కిటికీ తెరవమంది. జల్లు కొడుతుందని తెరవలేదు. మళ్లీ అడిగింది. జ్వరం తగ్గాక తెరుస్తాలే బంగారం, అంది తల్లి. తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. అప్పుడు తెరిచింది."

ఆర్కిటెక్టు చేతిలో టేపు సర్రున చుట్టుకుపోయింది.

"అందుకే మేడమ్, ఈ కిటికీ నేను ఏనాడూ మూయను. జనం వచ్చి నిలబడి వింటారు. విన్నంతసేపూ పాప ఇక్కడే ఉన్నట్టుంటుంది. ఇక్కడ కప్పులూ సాసర్లూ పెడితే ఇంక ఎక్కడుంటుంది చెప్పండి?"

ఆమె వంగి అధ్యక్షురాలి చేతులు రెండూ పట్టుకుంది. ఆ చేతులు వదిలితే తాను పడిపోతుందన్నట్టు పట్టుకుంది.

"కాఫీ షాపు వరండాలో పెట్టుకోండి. కప్పులు నేనే కడుగుతాను. ఎంత చాకిరీ అయినా చేస్తాను. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఈ గోడ మాత్రం గీకించొద్దు."

కార్యదర్శి ఆమె మొహం చూశాడు. కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"వరండాలో కూడా గాలి బాగానే వస్తుంది లెండి," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

"ఈ గోడ జోలికి ఎవరూ పోవద్దు," అంది అధ్యక్షురాలు.

గైడు గోడకి ఆనుకుని అక్కడే కూలబడింది. తలుపు ఓరగా వేసి ముగ్గురూ బయటికి వచ్చేశారు.

మెట్లు దిగుతూ ఆర్కిటెక్టు కళ్లొత్తుకుంది.

"ఇంత కథ ఉందని నాకు తెలీదు మేడమ్. కింద గదుల్లో అన్నీ దొరగారి ఫొటోలే, దొరసానిది ఒక్కటీ లేదేం? ఆ తల్లిని కూడా చూడాలనిపిస్తోంది."

అధ్యక్షురాలు మెట్టు మీద ఆగింది. ఒకసారి పైకి చూసి, గొంతు తగ్గించింది.

"దొర జన్మలో పెళ్లి చేసుకోలేదమ్మా, బంగళా పాడుబడి ఉన్న రోజుల్లో కాపలాదారు భార్యగా ఆ గదిలో కాపురమున్నది ఈవిడే."