లోపలివాడు

కొరడా పడినప్పుడల్లా టిబియస్ వీపు తోలు ఊడి వస్తోంది.

"ఇది నేను కాదు... ఇది నేను కాదు..." పళ్ళ బిగువున అనుకుంటున్నాడు. ఆ మాట నేర్పిన యజమాని కల్లిఫోన్ ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. ఏథెన్స్ కుర్రకారుకు ఆత్మ గురించి పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. ఇప్పుడు మెడకు హత్యానేరం చుట్టుకుంది.

అతనింట్లో విందు తిని, తాగి, వాకిట్లోనే నిద్రపోయిన లైసిథియస్ తెల్లారేసరికి గొంతు తెగి పడి ఉన్నాడు. విందులో అతనూ కల్లిఫోనూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారని ఊరంతా తెలుసు. ఆ రాత్రి వాకిట్లో కాపలా ఉన్నది టిబియస్ ఒక్కడే. బానిస ఊరికే చెబితే ఆ మాట న్యాయస్థానంలో చెల్లదు. చావబాది చెప్పిస్తేనే నిజం.

"వాడేం చెబితే దానికి కట్టుబడతాను" అని కల్లిఫోనే ముందుకొచ్చాడు. చచ్చినవాడి తమ్ముడు దెక్సియాస్ సరేనన్నాడు. కమ్మరి దేవుడి గుడి పక్కన టిబియస్‌ను చక్రానికి కట్టారు.

"చెప్పరా! మా అన్నను చంపిందెవడు?"

టిబియస్‌కు అంతా తెలుసు. నోరు మాత్రం విప్పలేదు. చక్రం తిరిగింది. భుజం కీలు పటుక్కుమంది.

"దొరా!"

"ఓర్చుకోరా. దెబ్బలు తగిలేది ఒంటికి. ఒళ్ళు నువ్వు కాదని ఎన్నిసార్లు చెప్పాను? లోపల కూర్చుని చూస్తున్నాడే, వాడు నువ్వు."

"మరి ఈ ఒళ్ళెవరిది దొరా?"

"నాది! సంతలో కొనుక్కోలేదూ?"

కొరడావాడికి కూడా నవ్వొచ్చింది.

విందులోనూ ఈ మాటే నడిచింది. "ఒళ్ళు వాడిది కాకపోతే వాడికి నొప్పేమిటయ్యా? చూద్దాం" అంటూ లైసిథియస్ మండుతున్న దీపం తెచ్చి టిబియస్ కుడి ముంజేతికి ఆనించాడు. కమురు వాసన కొట్టింది. వాడు గావుకేకలు పెడుతుంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "నా చెయ్యి పాడుచేస్తావట్రా!" అంటూ కల్లిఫోన్ లైసిథియస్ మీదికి దూకాడు. జుట్లు పట్టుకున్నది అందుకే.

టిబియస్ ముక్కులో పులిసిన ద్రాక్షసారా పోశారు. ఊపిరాడలేదు. చక్రం మళ్ళీ తిరిగింది. ఈ రోజు ఎవరో ఒకరి ప్రాణం పోక తప్పదని వాడికి అర్థమైంది.

కల్లిఫోన్ మొహంలో బెదురు లేదు. "జరిగింది జరిగినట్టు చెప్పెయ్యరా. ఇంటికి పోదాం" అన్నాడు.

టిబియస్ అతని వైపు తల తిప్పాడు.

"మా దొరే చంపాడు" అన్నాడు.

"అబద్ధం! ఒట్టి అబద్ధం!" కల్లిఫోన్ పీట తన్నేసి లేచాడు.

"వాడేం చెప్పినా ఒప్పుకుంటానన్నది తమరే కదండీ" అన్నాడు దెక్సియాస్. నలుగురు పట్టుకుని, గింజుకుంటున్న కల్లిఫోన్‌ను ఈడ్చుకుపోయారు.

కట్లు విప్పగానే టిబియస్ నేలమీద కూలబడ్డాడు. కాలిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. పరాయి వస్తువును చూసినట్టు దానివంక చూశాడు.

లైసిథియస్ గొంతు మీద కత్తి నడిపింది ఆ చెయ్యే. అది ఎవరిదో మాత్రం విందులో అంతమంది ఎదుట దొర ఎలుగెత్తి చెప్పనే చెప్పాడు.