కొలతకు రాని పిల్ల

"ఇది తేడా సరుకు. ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేస్తాను," అన్నాడు వడ్రంగి, నల్లటి కోడిపిల్లను అరచేతిలో తిప్పి చూస్తూ.

"సరుకేమిటండీ, ప్రాణమున్న పిల్లని పట్టుకుని!" అంది భార్య. "మా తమ్ముడు దాన్ని మళ్ళీ కోళ్ళఫారానికే పట్టుకెళ్తాడు. ఎదగని పిల్లల్ని అక్కడేం చేస్తారో మీకు తెలీదా? గోతిలో వేసి మట్టి కప్పేస్తారు."

వడ్రంగి ఆ మాట విననట్టే పిల్లను పెరటి గుమ్మానికి ఆనించి నిలబెట్టాడు. చెవి మీది పెన్సిలు తీసి తల దగ్గర గీత గీశాడు. టేపు పెట్టి చూశాడు. అరడుగు. దానితోపాటు పుట్టిన మిగతా పదీ అడుగు దాటాయి. ఒకే గూడు, పొదిగిందీ ఒకే ఎర్రకోడి, అయిదు వారాలుగా ఒకే మేత.

"పది చెక్కలు ఒక కొలతకొచ్చి ఒకటి రాలేదంటే తప్పెవరిది? ఆ ఒక్కదానిదేగా! పోనీ ఒక్క ఎత్తేనా? దీనికి మెడ సాగలేదు. ముక్కు మీద బుడిపె లేదు. గొంతు కూడా వేరే."

"అంతా మన నల్లకోడి చేసిన పని. ఎర్రది మేతకు దిగితే చాలు, అది గూట్లో దూరి కూర్చునేది. ఎన్నిసార్లు తోలానో! గుడ్లకి వేడి సరిగ్గా తగల్లేదు. అందుకే ఇది గిడసబారిపోయింది."

"మిగతా పదింటికీ తగిలిందిగా?"

ఆమె వంగి పిల్లను చేతుల్లోకి తీసుకుంది.

గుడ్లు తెచ్చింది ఆమె తమ్ముడు. కోళ్ళఫారంలో లారీ డ్రైవరు. వీళ్ళింకా మొహాలు కడుక్కోకముందే వచ్చి, వాటిని ఎర్రకోడి కిందికి సర్దేసి, "మేలుజాతి బావా, పెద్దయ్యాక నువ్వే చూద్దువుగాని," అని నవ్వుతూ బండెక్కేశాడు. మళ్ళీ వచ్చేది ఈ ఆదివారమే.

"ఆదివారం దాకా ఆగండి," అంది.

"ఆగుతాను. ఇదిగో, ఇది అందుకోవాలి." అరడుగు గీతకు మూడు వేళ్ళ పైన ఇంకో గీత గీశాడు. "అందుకుంటే ఉంటుంది. లేదంటే బండెక్కుతుంది."

ఆ పూట నుంచి ఆమె దానికి ఉడికించిన గుడ్డుసొన చిదిమి పెట్టసాగింది.

"కోడిపిల్లకి కోడిగుడ్డా?"

"మొన్న జ్వరంలో మీకు పెడితే లేచి కూర్చోలేదూ?"

బుధవారం వడ్రంగి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "పై గీత కిందికి దిగిందేమిటి?"

"చెక్క కుంగిందేమో."

"నలభై ఏళ్ళుగా చెక్కతోనే బతుకుతున్నాను. చెక్క కుంగితే గుమ్మమంతా కుంగుతుంది గాని గీత ఒక్కటే దిగదు." మళ్ళీ టేపు పెట్టి గీత గీశాడు. ఆమె వేలికొసన పెన్సిలు నలుపు కనిపించింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

కానీ ఆ పిల్ల సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. జబ్బుదైతే మూలన నక్కి ఉండాలి కదా? పని పక్కనపెట్టి పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. మేత చల్లితే ఆ పదీ మెడలు నిక్కించి ఆకాశంలోకి చూస్తున్నాయి. నల్లపిల్ల పరుగెత్తుకొచ్చి ముక్కుతో పొడిచాకగాని వాటికి అది తిండని తట్టలేదు. నీళ్ళ దగ్గరా అదే వరస. గోడ మీద పిల్లి కనబడితే ముందు ఎర్రకోడి రెక్క కింద దూరింది నల్లపిల్లే. ఆ పదీ పిల్లిని వింతగా చూస్తూ నిలబడ్డాయి.

"ఆ మొద్దులన్నిటికీ దారి చూపిస్తున్నది ఇదేనే," అన్నాడు భోజనం దగ్గర. "పనితనానికి వంక పెట్టడానికి లేదు. మరెందుకు ఎదగదో అంతుపట్టడం లేదు."

"అయితే ఉంచేయండి."

"కొలత కొలతే."

ఆదివారం పొద్దున్నే భార్య పిల్లను రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చింది. వడ్రంగి కొలిచాడు. గీత ఇంకా రెండు వేళ్ళ పైనే ఉంది. మళ్ళీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. భార్య మొహం పక్కకు తిప్పుకుంది.

వీధిలో లారీ హారన్ మోగింది.

వడ్రంగి అటూ ఇటూ చూశాడు. కాలి దగ్గరున్న చెక్కముక్క ఒకటి తీసి పిల్ల కాళ్ళ కిందికి తోశాడు. తల గీతను తాకింది.

"నేల ఇక్కడ పల్లంగా ఉంది," అన్నాడు, ఆమె అడక్కుండానే.

ఇంతలో బావమరిది పెరట్లోకి రానేవచ్చాడు. "ఏంటక్కా, బావ కోడిపిల్లకి తలుపులు బిగిస్తున్నాడా?"

"ఏం లేదు," అన్నాడు వడ్రంగి, పిల్లకు చెయ్యి అడ్డుపెట్టి. "నువ్వు తెచ్చినవన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇదొక్కటే కాస్త చిన్నది. అయినా కొలతకొచ్చేసింది. మా దగ్గరే ఉంటుంది. నువ్వు తీసుకుపోవడానికేం లేదు."

బావమరిది గొంతుక్కూర్చుని నల్లపిల్లను చూశాడు. కింద చెక్కముక్కను చూశాడు. పెరట్లో మెడలు సాచి తిరుగుతున్న పదింటినీ చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"చిన్నదేమిటి బావా? నేను పెట్టి వెళ్ళింది పది టర్కీ పక్షి గుడ్లు. వీటన్నిట్లోకీ కోడిపిల్ల ఇదొక్కటే!"